సీబ్ గాలి పడని బండి

ఆమె ఎవరింటికి వెళ్ళినా ముందు కూర్చునేది కాదు. సోఫా మీద చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపు ఆనించి చూసేది. తర్వాత కర్టెన్. తర్వాత కిటికీ కింద గోడ. "ఇక్కడ చెమ్మ ఉందమ్మాయ్" అనేది, పేషెంటుకి జ్వరం ఉందని చెప్పినట్టు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నేను టీ పెట్టుకుని వచ్చేసరికి మా బట్టల అలమర తలుపులు రెండూ బార్లా తెరిచి నిలబడి ఉంది. నా చీరలూ మా ఆయన బనీన్లూ అన్నీ ఆమె ముందు.

"అలమర్లు కూడా ఊపిరి పీల్చుకోవాలి గదా" అంది.

"నిజమే అక్కా" అన్నాడు మా ఆయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను చెప్పిన ఒక్క మాటకీ ఆయన అంత తొందరగా 'నిజమే' అనలేదు.

ఆమె పోయి నెల కావస్తోంది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్పగలిగినంత చెప్తాను. కానీ ఆమె గుర్తొస్తే నాకు ముందు వచ్చేది ఏడుపు కాదు, కుళ్ళు. ఆ కుళ్ళు ఆమె బతికుండగానూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది దాచిపెట్టి చెప్తే నేను చూసిన మనిషి మీకు కనపడదు.

మేమిద్దరం మస్కట్‌లో ఒకే ఆసుపత్రిలో నర్సులం. ఆమె నాకన్నా పెద్దది, ఒమాన్‌కి నాకన్నా చాలా ముందు వచ్చింది. నరసాపురం వైపు మనిషి. తెలుగువాళ్ళు ఆమెను 'బండి సిస్టర్' అనేవాళ్ళు. మలయాళీలు 'వండి సిస్టర్' అనేవాళ్ళు. రెండిటికీ ఒకటే అర్థం.

ఆ బండి ఏంటో చెప్పాలి. మాలో ఎవరి చేతిలోనైనా నాలుగు డబ్బులు మిగిలితే బంగారమో, ఊళ్ళో స్థలమో. ఆమె మాత్రం ఉద్యోగం అయిపోయి వాళ్ళ దేశం వెళ్ళిపోతున్న ఒక దొరల జంట దగ్గర పికప్ కొంది. ఆ పికప్ వీపు మీద ఒక గది ఉంది. మూసి ఉన్నప్పుడు పెద్ద ట్రంకుపెట్టెలా ఉంటుంది. నాలుగు పక్కలా కొక్కేలు తీసి, లోపలికెళ్ళి భుజంతో తోస్తే కప్పు మొత్తం పైకి లేస్తుంది. కప్పుకీ పెట్టెకీ మధ్య మందపాటి గుడ్డ గోడలు విచ్చుకుంటాయి, దోమతెర కిటికీలతో సహా. లోపల ఒక పరుపు, కూర్చోడానికి రెండు బల్లలు, చిన్న గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా అంత ఫ్రిజ్.

అది నడపడానికి ఆ వయసులో లైసెన్సుకి వెళ్ళింది. ఇక్కడ డ్రమ్ముల మధ్యకి బండిని రివర్స్‌లో పోనివ్వాలి. ఆమె ఎన్నిసార్లు డ్రమ్ములు గుద్దిందో ఆ పోలీసాయనకే తెలియాలి. పాసైన రోజున వార్డంతా హల్వా పంచింది. పేషెంట్లకి కూడా పెట్టబోతే డాక్టరు ఆపాడు. ఆ తర్వాత శుక్ర, శనివారాల వీకెండ్ వస్తే చాలు, ఆమె కనపడేది కాదు. ఆదివారం డ్యూటీకి వచ్చేది, ముఖం మాడిపోయి, చెప్పుల్లో ఇసకతో, నాకు అర్థంకాని ఒక సంతోషంతో. మేం శుక్రవారం చర్చికీ, శనివారం కూరగాయలకీ వెళ్ళొచ్చిన ముఖాలతో ఆమెను చూసేవాళ్ళం.

ఇక అసలు సంగతి. పోయినేడు జూలైలో ఆమెకు ఊరికెళ్ళే సెలవు వచ్చింది. నర్సుల ఫ్లాట్ల దగ్గర బండి పెట్టుకోడానికి చోటు లేదు. మేం మస్కట్ శివార్లలో, సముద్రం ఒడ్డున ఉన్న సీబ్‌లో ఒక విల్లా వెనక పోర్షన్‌లో ఉంటాం. గోడ కట్టిన దొడ్డి ఉంది.

"మీ దొడ్లో కాస్త చోటిస్తావా అమ్మాయ్?" అని నన్నే చూసి అడిగింది.

"ఎంత మాటక్కా, పెట్టండి" అని మా ఆయన అన్నాడు.

సీబ్‌లో జూలై ఎలా ఉంటుందో ఇక్కడ బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లారి లేచేసరికి కిటికీ అద్దాలు బయటవైపు నీళ్ళు కారుతుంటాయి. మధ్యాహ్నం పెళపెళలాడేలా ఎండిన బట్టలు చీకటి పడేసరికి తీగ మీదే మెత్తబడిపోతాయి. ఉప్పు డబ్బాలో ఉప్పు గడ్డకడుతుంది. సముద్రం మా గోడ అవతలే ఉన్నట్టు ఉంటుంది.

వెళ్ళేముందు ఒక శుక్రవారం పూర్తిగా ఆమె మా ఆయనకి పాఠం చెప్పింది. నేను వంటింటి కిటికీలోంచి వింటూ ఉన్నాను. గుడ్డ గోడలు పూర్తిగా ఆరితేనే కప్పు దించాలి. రవ్వంత తడి మడతలో పడినా నల్లమచ్చ వస్తుంది, అది పోదు. పరుపుల్ని పడుకోబెట్టకూడదు, గాలి ఆడేలా నిలబెట్టాలి. ఫ్రిజ్ తలుపు మూయకుండా మధ్యలో చెక్కముక్క పెట్టాలి. అరలన్నీ తెరిచే ఉంచాలి. నీళ్ళ ట్యాంకు ఖాళీ చెయ్యాలి, కుళాయిలు విప్పి వదలాలి. చెమ్మ పీల్చే గుళికల డబ్బాలు నాలుగు మూలలా పెట్టి, నిండినప్పుడల్లా పారబోయాలి. ఎండ బాగున్న రోజున కప్పు లేపి గాలి తగలనివ్వాలి. మీద కప్పడానికి గాలి ఆడే బూడిదరంగు గుడ్డ ఉంది, అదే కప్పాలి.

"ప్లాస్టిక్ మాత్రం కప్పొద్దు తమ్ముడూ. బయటి తడి లోపలికి రాకపోవడం ఒకటే కాదు, లోపలి తడి బయటికి పోవాలి."

మా ఆయన చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా తలూపాడు.

ఆయన ఖురంలో ఒక ఆఫీసులో స్టోర్స్ చూస్తాడు. ఇంటికొస్తే వేలు కదపడు. బాత్రూంలో బల్బు పోతే నేనే స్టూలెక్కాలి. అలాంటి మనిషి ఆ జూలైలో డ్యూటీ నుంచి రాగానే, బూట్లు కూడా విప్పకుండా, ముందు దొడ్లోకి వెళ్ళేవాడు. గుళికల డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చేవాడు. "చూడు, చూడు, ఒక్క వారంలో ఎన్ని నీళ్ళు పట్టిందో!" పిల్లాడు తొలిసారి ఉచ్చ పోసుకున్నా ఎవరూ అంత సంబరపడరు. ఆమెకి ఫోన్లో వాయిస్ మెసేజీలు పెట్టేవాడు: "అక్కా, పరుపులు ఇవాళ అటు తిప్పాను." ఆమె నుంచి జవాబు వచ్చేది: "దేవుడు నిన్ను దీవించును గాక తమ్ముడూ." ఆ గొంతు మా హాల్లో రోజూ మోగేది.

వార్డులో ఒకామె నవ్వుతూ అంది: "మీ ఆయన బండి సిస్టర్ బండికి డ్యూటీ చేస్తున్నాడంటగా?" నేనూ నవ్వాను. ఇంటికొచ్చి నవ్వలేదు.

"నా మోకాలు పది రోజులనుంచి నొప్పి. ఒక్కసారి అడిగారా?"

"నువ్వు చెప్పలేదుగా."

"ఆ బండి చెప్పిందా మీకు?"

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "ఆమె నాకు అక్కలాంటిదే. నీకు అనుమానమా?"

అనుమానం లేదు. అదే నా బాధ. అనుమానమైతే పోట్లాడ్డానికి ఒక దారి ఉండేది. ఈయనలో ఇంత ఓపిక, ఇంత శ్రద్ధ, ఇంత మెత్తదనం ఉన్నాయని నాకిన్నాళ్ళూ తెలియదు. అవి బయటికి రావడానికి ఒక బండి కావలసివచ్చింది. ఆ బండి కూడా వేరే ఆడమనిషిది.

ఆగస్టులో ఒకరోజు దుమ్ముగాలి లేచింది. బూడిదరంగు గుడ్డ ఒక పక్కన చిరిగిపోయింది. మా ఆయన కంగారుపడి అప్పటికప్పుడు వెళ్ళి నీలం టార్పాలిన్ తెచ్చాడు. దుమ్ము దూరుతుందని పైన గాలి కంత మూశాడు. బండిని చక్రాల కిందిదాకా చుట్టి తాళ్ళు బిగించాడు. "ప్లాస్టిక్ వద్దందిగా" అన్నాను. "గాలి తగ్గేదాకానే" అన్నాడు. నాకు జ్వరమొచ్చినప్పుడు దుప్పటి అలా చుట్టి ఉంటే ఎంత బాగుండేది అనుకుంటూ చూశాను. గాలి తగ్గింది. తర్వాత చిన్న తుంపర పడుతుందన్నారు. ఆ తర్వాత మళ్ళీ దుమ్మన్నారు. తాళ్ళు అలాగే ఉండిపోయాయి.

సెప్టెంబరులో ఆమె వచ్చింది, చేతిలో రొయ్యల పచ్చడి సీసాతో. నీలం టార్పాలిన్ చూడగానే నడక ఆగింది. తనే తాళ్ళు విప్పింది. తలుపు తీసింది. తడిసిన గోనెసంచి వాసన మా ముగ్గురి ముఖాల మీదికీ వచ్చింది. కప్పు లేపితే గుడ్డ గోడల మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు, మడత పడిన చోటల్లా.

మా ఆయన చెమటలు కక్కుతున్నాడు. నిజం చెప్పాలంటే నాకు కడుపు చల్లబడింది. ఇప్పుడు తిడుతుంది, ఈయనకి బుద్ధొస్తుంది, ఈ వాయిస్ మెసేజీలు ఆగిపోతాయి అనుకున్నాను.

ఆమె గుడ్డ మీద వేళ్ళ వెనకవైపు ఆనించి చూసింది. తర్వాత మా ఆయన్ని చూసి, "ఊపిరాడకుండా కప్పావు గదయ్యా తమ్ముడూ. చలేస్తుందనుకున్నావా?" అంది. అని నవ్వింది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. చూశారా, అక్కడ కూడా ఆమే గెలిచింది.

"ఇక్కడ ఆరదు. కొండలు దాటి ఇబ్రా ఊరి అవతలికి తీసుకెళ్ళాలి. అక్కడ గాలిలో తడి ఉండదు. ఒకటిన్నర రోజు తెరిచి పెడితే దారికొస్తుంది" అంది.

"నేనూ వస్తానక్కా, నా తప్పేగా" అన్నాడు మా ఆయన.

"మీకు స్టాక్ లెక్కలున్నాయి. నేనెళ్తాను" అన్నాను. ఆయనకి ఏ లెక్కలూ లేవు.

ఆమె చెప్పులు విప్పి వట్టికాళ్ళతో బండి నడిపేది. తల కనపడ్డానికి కింద దిండు వేసుకునేది. ఎత్తు ఎక్కేటప్పుడు "రా తల్లీ, రా, అయిపోయింది" అని బండితో మాట్లాడేది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కొండలు దాటుతుంటే నా పెదవులు ఎండడం తెలిసింది. సముద్రం వెనకాల పడిపోయింది.

ఇబ్రా దాటాక రోడ్డు దింపి, గులకరాళ్ళ మైదానంలో ముళ్ళచెట్లున్న చోట ఆపింది. కప్పు లేపాం. బకెట్లో నీళ్ళూ వెనిగరూ కలిపి, మెత్తటి బ్రష్షుతో ఒక్కో మడతా తుడిచాం. గట్టిగా రుద్దితే గుడ్డ చెడుతుందని నా చెయ్యి పట్టుకుని ఎలా తుడవాలో చూపించింది. పరుపులు బయట రాళ్ళకి ఆనించాం. అటుగా పోతున్న ఒక ఒమానీ పెద్దాయన పికప్ ఆపి, బండి చెడిపోయిందా అని అడిగాడు. "సయ్యారా మరీదా" అంది ఆమె. బండికి జబ్బు చేసిందని. ఆసుపత్రిలో రోజూ వాడే మాట. ఆయన పగలబడి నవ్వి, ఒక సంచి నిండా ఖర్జూరాలు ఇచ్చి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పెరుగన్నం, ఆ రొయ్యల పచ్చడి. గుడ్డ గోడల కిటికీలన్నీ తెరిచి ఉంటే గాలి ఇటునుంచి అటు పోతోంది.

"మీకు భయం వెయ్యదా అక్కా, ఒక్కరే ఇలా?" అని అడిగాను.

"దేనికి? మనుషుల్లేరనా?" అని చెయ్యి కడుక్కుంటూ చెప్పింది. "నేను ఆరో క్లాసులో మిషన్ హాస్టల్లో చేరాను. తర్వాత నర్సింగ్ స్కూలు హాస్టలు. తర్వాత క్వార్టర్స్. ఇక్కడికొచ్చాక రూమ్‌కి ముగ్గురం. నేను పడుకున్న ప్రతి మంచం పక్కనా ఇంకో మంచం ఉందమ్మాయ్. ఎవరో దగ్గుతారు. ఎవరో ఏడుస్తారు. ఎవరో డ్యూటీకి లేస్తారు. అందరూ మంచోళ్ళే. కానీ తలుపేసుకోవడమంటే ఏంటో ఈ బండి కొన్నాకే తెలిసింది."

"ఇదేం తలుపక్కా, జానెడు."

"జానెడైనా గడియ లోపలుంది."

పెళ్ళి ఎందుకు చేసుకోలేదో, చేసుకుంటే ఏమైందో చెప్పలేదు. నేను అడగలేదు. గిన్నెలు తీసి కిందికి దిగుతూ, "నువ్వు కాసేపు పడుకో. నేను పరుపులు చూసుకుంటాను" అంది. తలుపు దగ్గరికి వేసి, బయటనుంచి అంది: "గడియ వేసుకో."

"ఎందుకక్కా, ఇక్కడెవరున్నారు?"

"వేసుకో అమ్మాయ్."

వేసుకున్నాను. ఖాళీ చెక్క మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాను. నాకు మొగుడున్నాడు, కూతురుంది, మూడు గదుల ఇల్లుంది. ఆ ఇంట్లో ఒక్క గది తలుపుకైనా నేను లోపలినుంచి గడియ పెట్టుకున్న గుర్తు లేదు. బాత్రూంలో ఉన్నా "కత్తెర ఎక్కడ?" అని ఎవరో ఒకరు తలుపు కొడతారు. అప్పటిదాకా నా కుళ్ళంతా మా ఆయన చుట్టూ తిరిగింది. అక్కడ పడుకుని, గుడ్డ గోడ గాలికి ఉబ్బి తగ్గుతుంటే చూస్తూ, నేను కుళ్ళుకోవాల్సింది దేనికో అప్పుడు తెలిసింది. ఆ గడియకి.

ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. లేచి తలుపు తీస్తే నీడలు పొడుగు సాగాయి. ఆమె ఒక రాయి మీద కూర్చుని ఉంది. టీ పెట్టి, నా కప్పు మీద మూత వేసి ఉంచింది. లేపలేదు.

"నిద్రలో నవ్వావు. బయటికి వినపడింది" అంది.

మర్నాటికి వాసన పోయింది. చుక్కలు కొన్ని పోలేదు. "ఉండనీ, మనక్కూడా ఉన్నాయిగా మచ్చలు" అని కప్పు దించింది.

ఇంటికి రాగానే మా ఆయన ఎదురొచ్చాడు. "ఏమైంది?"

"ఆరింది."

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏముంటాయి, మామూలే."

పడుకునేలోపు ఇంకో రెండుసార్లు అడిగాడు. నేను చెప్పలేదు. ఆ వారమంతా ఆయన నన్ను అదోలా చూస్తూ తిరిగాడు. మా ఇంట్లో మొదటిసారి కుళ్ళు ఆయన వంతుకి వచ్చింది. నాకు ప్రాణం హాయిగా ఉంది.

ఆ తర్వాత ఏడాదంతా మళ్ళీ పిలుస్తుందని చూశాను. వీకెండ్ దగ్గర పడితే వార్డులో ఆమె కంటబడేలా తిరిగేదాన్ని. "ఎండలెలా ఉన్నాయమ్మాయ్ మీ సీబ్‌లో?" అనేది, అంతే. ఈ జూలై వచ్చింది. నేను ముందే దొడ్డి ఖాళీ చేయించాను. పూలకుండీలు గోడవారకి జరిపాను. సీబ్ బజారులో టైలర్ దగ్గర మందపాటి నూలుగుడ్డతో, గాలి ఆడేలా, బండి కొలతలకి మీద కప్పే కవరు కుట్టించాను. మా ఆయనకి గుళికల డబ్బా ముట్టుకునే పని లేదనీ, ఈసారి మొత్తం నేనే చూసుకుంటాననీ చెప్పాను.

ఆమె వచ్చింది. సోఫా మీద చెయ్యి తిరగేసి చూసి, కూర్చుని, "ఈసారి బండి ఇబ్రాలో సునీత వాళ్ళింటి దగ్గర పెడుతున్నానమ్మాయ్" అంది.

సునీత గుంటూరు అమ్మాయి. మా వార్డులోనే చేసేది, పెళ్ళయ్యాక ఇబ్రాలో ఒక క్లినిక్‌కి మారింది. వయసులో చిన్నది, గట్టిగా నవ్వుతుంది.

"ఎందుకక్కా అంత దూరం?" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చిందనుకుంటాను.

"మీ సీబ్ గాలి బండికి పడదు. అక్కడైతే గాలి పొడిగా ఉంటుంది."

నిజమే. ఎవరైనా అదే చేస్తారు. తడి ఉన్నచోట గుడ్డ పెట్టి రోజూ కాపలా కాసేకన్నా పొడిగా ఉన్నచోట పెట్టుకోవడమే తెలివి. నాకది తెలుసు. తెలిస్తే మాత్రం?

నేను నోరు మూసుకుందామనుకున్నాను. మా ఆయన మూసుకోలేదు. "అయ్యో అక్కా, మీ బండి కోసం మా ఆవిడ ప్రత్యేకంగా కవరు కుట్టించింది" అని లోపలికెళ్ళి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె దాన్ని విప్పింది. కుట్టు చూసింది. నన్ను చూసింది. "ఎంత బాగా కుట్టించావమ్మాయ్" అంది. "సునీతకి ఇస్తాను, ఇదే కప్పమంటాను." నా కవరు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సెలవులోనే పోయింది. ఊళ్ళో, బీపీ ఎక్కువై వాళ్ళ దొడ్లో బట్టలు ఆరేస్తూ పడిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందని వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు.

ఇక్కడ చర్చి వెనక హాల్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కళ్ళూ లేచి మాట్లాడారు. ఆమె అంతమందిని ఆ బండిలో తిప్పిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక మలయాళీ సిస్టర్ తనకి విడాకులైనప్పుడు సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి చేపల పులుసు వండిపెట్టిందని ఏడ్చింది. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి తనకి బండి నడపడం నేర్పిందంది. నేను ముందు వరసలో కూర్చుని ఒక్కొక్కళ్ళనీ లోపల్లోపల తిట్టుకుంటున్నాను.

చివర్లో సునీత లేచింది. "అక్క మా ఇంటికొస్తే పొద్దున్నే బండి కప్పు లేపుతూ పాడేది. మా వీధిలో ఒమానీ ఆడవాళ్ళు కూడా గుమ్మాల్లోకొచ్చి వినేవాళ్ళు. అలాంటి గొంతు నేను ఎక్కడా వినలేదు" అంది.

పాడేదా? బండి కొనకముందు ఎన్నో ఏళ్ళు చర్చిలో నా పక్కనే నిలబడింది. కీర్తన పాడేటప్పుడు పెదవులు కదిలేవి, గొంతు వినపడేది కాదు. ఒకసారి అడిగితే "నాకు గొంతు లేదమ్మాయ్" అంది కూడా.

పాస్టరుగారు నావైపు చూశారు. మా ఆయన మోచేత్తో పొడిచాడు. నేను లేవలేదు.

బయట కార్ల దగ్గర సునీత ఒక్కతే నిలబడి ఉంటే వెళ్ళాను. బండి ఇంకా వాళ్ళింటి పక్కనే ఉందనీ, అక్క వాళ్ళ తమ్ముడు అమ్మేయమంటున్నాడనీ, తనకి మనసొప్పడం లేదనీ చెప్పింది. నేను అవన్నీ వినలేదు.

"ఏం పాట పాడేది?" అని అడిగాను.

సునీత నా ముఖంలోకి చూసింది. ఒక్క క్షణం నోరు తెరవబోయింది. తర్వాత కారు తాళాల వైపు చూపు తిప్పుకుని, "గుర్తు లేదక్కా" అంది.

అబద్ధం. ఆ అమ్మాయికి ప్రతి చరణం గుర్తుంది.

"మిమ్మల్ని కూడా తీసుకెళ్ళిందటగా, మా ఊరి అవతలికి? ఏమనేది మీతో?" అని తను అడిగింది.

"ఏమంటుంది? గుడ్డ ఆరబెట్టాం, వచ్చేశాం" అన్నాను.

ఇద్దరం తలలూపుకున్నాం. ఎవరి కారు వైపు వాళ్ళం నడిచాం.